గవిసెన విప్పిన గిటార్

సభాధ్యక్షురాలికి, ఇంత వానలోనూ వచ్చి కూర్చున్న మిత్రులకు నమస్కారం.

2016 జులైలో లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఒక చిన్న సంఘటన జరిగింది. పంక్ అనే ధిక్కార రాక్ సంగీతం పుట్టి 40 ఏళ్లు నిండిన సందర్భంగా అక్కడొక ప్రదర్శన ఏర్పాటు చేశారు. గోడ మీద పెట్టిన పరిచయ ఫలకంలో ఆ సంగీతానికి ఆద్యులుగా సెక్స్ పిస్టల్స్, ద క్లాష్, బజ్‌కాక్స్ అనే మూడు బృందాల పేర్లు ఉన్నాయి. మూడింటిలోనూ ఉన్నది మగవాళ్లే. ఒక కార్యక్రమంలో మాట్లాడడానికి అక్కడికి వచ్చిన 61 ఏళ్ల స్త్రీ ఆ ఫలకం ముందు ఆగి, పెన్ను తీసి, ఆ మూడు పేర్లనూ కొట్టేసి, స్లిట్స్, ఎక్స్-రే స్పెక్స్, సూక్సీ అండ్ ద బాన్షీస్ అనే మూడు పేర్లు రాసి, మరి ఆడవాళ్ల మాటేమిటని ఒక ప్రశ్న కూడా చేర్చి, తన పేరు పెట్టింది. ఆ పేరు వివ్ ఆల్బర్టీన్, తాను రాసిన మూడు బృందాల్లో ఒకటైన స్లిట్స్‌కు గిటారిస్టు. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది ఆమె గురించే.

గ్రంథాలయం గోడ మీద రాయడం తప్పా, ఒప్పా అన్న వాదన అప్పట్లో కొంత నడిచింది. నన్ను ఆపేసింది ఆ వాదన కాదు, ఆమె కొట్టేసిన పేర్లు ఎవరివన్న సంగతి. ఆ మూడు బృందాలూ ఆమెకు పరాయివి కావు. క్లాష్ వాళ్లతో, బజ్‌కాక్స్ వాళ్లతో ఆమె ఊరూరా తిరిగి కచేరీలు చేసింది. క్లాష్ గిటారిస్టు మిక్ జోన్స్‌తో ఆమెది ప్రేమ బంధం. తర్వాత సెక్స్ పిస్టల్స్‌లో చేరి జగత్ప్రసిద్ధుడైన సిడ్ విషస్‌తో కలిసి తన మొదటి బృందాన్ని కట్టుకుంది. ఒకే గదిలో, ఒకే రోజుల్లో, ఒకే పని మొదలుపెట్టినవాళ్లలో కొందరి పేర్లు ఫలకం ఎక్కి కొందరి పేర్లు ఎలా జారిపోయాయో ఆమె దగ్గర నుంచి చూసింది.

ఆమె కథను చెప్పేవాళ్లు సాధారణంగా ఒక వాక్యంతో సరిపెడతారు: గిటార్ పట్టుకోవడం కూడా రాని అమ్మాయిలు ధైర్యం చేసి వేదిక ఎక్కారట. ఈ వాక్యం వినడానికి మెచ్చుకోలులాగే ఉంటుంది, కాని ఇందులో ఒక చిన్నచూపు దాగి ఉంది. రాకపోవడం అనే స్థితిలో నిలబడి ఆమె ఏం తయారు చేసిందో ఆ వాక్యం అడగదు. నేను అదే అడగదలచుకున్నాను.

వివ్ 1954 డిసెంబర్ 1న ఆస్ట్రేలియాలోని సిడ్నీలో పుట్టింది. తండ్రి కోర్సికా ద్వీపానికి చెందినవాడు, తల్లికి స్విట్జర్లాండ్ మూలాలు ఉన్నాయి. నాలుగేళ్ల వయసులో కుటుంబంతోపాటు లండన్ చేరి, నగరం ఉత్తర భాగాన మజ్వెల్ హిల్ ప్రాంతంలో పెరిగింది. తల్లిదండ్రులు విడిపోయాక తల్లే ఇద్దరు ఆడపిల్లలనూ పెంచింది. డబ్బుకు కటకట. సంగీతం మాత్రం రేడియోలో, స్నేహితుల ఇళ్లలో తిరిగే రికార్డుల్లో ధారాళంగా దొరికేది.

ఆ రికార్డులను ఆమె ఎలా చదివేదో తన ఆత్మకథలో రాసుకుంది. చదవడం అనే మాట తెలిసే వాడుతున్నాను. అట్ట వెనక సన్న అక్షరాల్లో కృతజ్ఞతలు చెప్పే చోట ఆడపేర్ల కోసం వెతికేదట. వాయించేవాళ్లలో ఆడపేరు ఎటూ కనిపించదు కాబట్టి, కనీసం వాళ్ల ప్రియురాళ్ల పేర్లు దొరుకుతాయేమోనని. ఆ లోకంలోకి తనలాంటి పిల్ల వెళ్లగలిగే దారి అదొక్కటేనని పదిహేనేళ్ల వయసుకే ఆమెకు ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. గిటార్ నేర్చుకోవద్దని ఆమెను ఎవరూ అడ్డగించలేదు. నేర్చుకోవచ్చన్న ఊహే రాలేదు. అడ్డగిస్తే ఎదిరించవచ్చు, ఊహే రానిచోట ఎదిరించడానికి ఎదుట మనిషే ఉండడు.

ఇక 1976 నాటి బ్రిటన్ గురించి నాలుగు మాటలు చెప్పాలి. నిరుద్యోగులు పది లక్షలు దాటారు, ప్రభుత్వం అంతర్జాతీయ ద్రవ్యనిధి ముందు అప్పుకు చేయి చాచింది. సమాన వేతన చట్టం, లింగ వివక్షను నిషేధించే చట్టం ఆ దేశంలో 1975 డిసెంబర్ ఆఖరి వారంలో మాత్రమే అమల్లోకి వచ్చాయి. 1976 ఆగస్టులో వాయవ్య లండన్‌లోని గ్రన్‌విక్ ఫోటో ప్రింటింగ్ కర్మాగారం ముందు జయాబెన్ దేశాయ్ నాయకత్వంలో చీరలు కట్టుకున్న శ్రామిక స్త్రీలు సమ్మెకు దిగారు. ఆ సమ్మెకూ ఈ సంగీతానికీ నేరుగా ముడి లేదు గాని, ఆ నగరంలో ఆ ఏడాది ఎలాంటి గాలి వీస్తోందో ఊహించుకోవడానికి పనికొస్తుంది. రాక్ సంగీతం అప్పటికి పెద్ద పెద్ద స్టేడియాలకు, పది పదిహేను నిమిషాల గిటార్ విన్యాసాలకు ఎదిగిపోయి, ఏళ్ల తరబడి సాధన చేసినవాడే వేదిక ఎక్కాలన్న నియమాన్ని స్థిరపరచుకుంది. పంక్ కుర్రకారు ఆ నియమాన్ని కాలదన్నారు. గిటార్ మీద మూడు కార్డ్‌లు, అంటే మూడు స్వరాల జోడింపులు, వస్తే బృందం పెట్టెయ్యవచ్చన్నారు.

వివ్ అప్పటికి హార్న్‌సీ కళాశాలలో కొంతకాలం చదివి, కామ్డెన్‌లోని ఒక సంగీతశాలలో పనిచేసి, మళ్లీ చెల్సీ ఆర్ట్ స్కూల్లో వస్త్ర రూపకల్పన చదువుతోంది. అమెరికన్ గాయని పాటీ స్మిత్ మొదటి ఆల్బమ్ 1975 చివర్లో వచ్చినప్పుడు, తెల్ల చొక్కా వేసుకుని, కోటును భుజం మీద వేలాడేసుకుని, ఎవరి మెప్పూ అక్కర్లేనట్టు సూటిగా చూస్తున్న ఆ అట్టమీది బొమ్మ ఆమెను కుదిపేసింది. ఆ తర్వాత సెక్స్ పిస్టల్స్ గాయకుడు జానీ రాటెన్‌ను వేదిక మీద చూసింది. అతనూ తనలాగే ఉత్తర లండన్ బీద వాడల్లో పెరిగినవాడు, అతనికి గొప్ప గాత్రమేమీ లేదు, అయినా దాపరికం లేకుండా నిలబడి పాడుతున్నాడు. అతనికి చెల్లినది తనకెందుకు చెల్లదు? ఈ ప్రశ్న పుట్టిన కొన్నాళ్లకు, వాళ్ల ఇంటి పెద్దావిడ కన్నుమూస్తూ ఆమె పేర రాసిపెట్టిన 200 పౌండ్లు చేతికొచ్చాయి. ఆ డబ్బుతో వివ్ లెస్ పాల్ జూనియర్ గిటార్ కొనుక్కుంది. తీగల కదలికను అందుకునే పికప్ ఒకే ఒక్కటి ఉండే, ఆడంబరం లేని వాద్యం అది. అప్పటికి ఆమెకు ఒక్క స్వరం కూడా వాయించడం రాదు.

ఇక్కడ కాస్త నెమ్మదిగా నడవాలని ఉంది. గిటార్ కొన్న తర్వాత ఆమెకు ఎదురైన మొదటి చిక్కు వేళ్లది కాదు, నిలబడడానికి సంబంధించినది. రాక్ గిటారిస్టు అంటే కాళ్లు ఎడంగా పెట్టి, వాద్యాన్ని తొడల దాకా జార్చి, తుపాకీలా ఎక్కుపెట్టి నిలబడే మగవాడి బొమ్మ ఒక్కటే అందరి కళ్లలోనూ ఉంది. ఆ బొమ్మను అనుకరిస్తే వేషం వేసినట్టవుతుంది. వినయంగా తలొంచుకుని వాయిస్తే జానపద గీతాలు పాడుకునే సాత్వికమైన అమ్మాయి బొమ్మ అవుతుంది. మూడో బొమ్మ లేదు. మన వీణకు కూర్చునే పద్ధతి ఉంది, తంబురా ఒడిలో పెట్టుకునే పద్ధతి ఉంది, వాటిని వందల ఏళ్లుగా ఆడవాళ్లు పట్టుకున్నారు కాబట్టి ఆ పద్ధతులు మన కళ్లకు అలవాటు. ఆమె ఎలక్ట్రిక్ గిటార్‌ను ఎలా పట్టుకోవాలో దగ్గర్నుంచి తనంతట తాను కనిపెట్టుకోవలసి వచ్చింది.

నేర్పింది కీత్ లెవీన్. క్లాష్ బృందాన్ని కట్టినవాళ్లలో ఒకడు, తర్వాత పబ్లిక్ ఇమేజ్ లిమిటెడ్‌లో గిటార్ ధ్వనినే మార్చేసినవాడు. షెపర్డ్స్ బుష్‌లో ఖాళీగా పడి ఉన్న ఇంట్లో అద్దె కట్టకుండా కాపురముంటున్న మిత్రబృందంలో అతనూ ఉండేవాడు. అతను ఆమెకు పెద్ద గిటారిస్టుల పాటలను అచ్చంగా దించడం నేర్పలేదు. తీగ ఏమేం శబ్దాలు చేయగలదో వెతకమన్నాడు. దాని ఫలితం చూడండి. అప్పటి రాక్ గిటార్‌కు పునాది అమెరికన్ బ్లూస్ నుంచి వచ్చిన పన్నెండు బార్‌ల, అంటే పన్నెండు తాళ ఖండాల, చట్రం. స్లిట్స్ ఆ చట్రాన్ని పనిగట్టుకుని తప్పించారు. రాకపోవడం వల్ల తప్పినది కొంత, వద్దనుకుని తప్పించినది కొంత. వివ్ గిటార్‌లో లావుపాటి గర్జన వినిపించదు. పలచగా, కీచుగా, తగరపు రేకు మీద మేకుతో గీసినట్టుగా ఉంటుంది. పాట మధ్యలో ముందుకొచ్చి విన్యాసం చేసి చప్పట్లు కొట్టించుకునే ఘట్టం అసలు ఉండదు.

మొదట సిడ్ విషస్‌తో కలిసి పెట్టిన ఫ్లవర్స్ ఆఫ్ రొమాన్స్ అనే బృందం ఒక్క కచేరీ అయినా ఇవ్వకుండానే చెదిరిపోయింది. అందులో డ్రమ్స్ వాయించిన స్పెయిన్ దేశపు యువతి పాల్మోలివ్, అసలు పేరు పలోమా రొమెరో, 1976లోనే జర్మనీ నుంచి వచ్చిన 14 ఏళ్ల ఆరి అప్ అనే బడిపిల్లతో కలిసి స్లిట్స్‌ను మొదలుపెట్టింది. మంద్ర స్వరాలు పలికే బేస్ గిటార్ వాయించడానికి టెస్సా పాలిట్, గిటార్‌కు వివ్ 1977లో చేరారు. బృందానికి పెట్టుకున్న పేరు స్త్రీని కించపరిచే వీధి మాటను ధ్వనిస్తుంది. దాన్ని ఈ సభలో విడమర్చి చెప్పనక్కర్లేదు. ఎదుటివాడు విసిరే రాయిని ముందే తీసి కొంగున కట్టుకున్నట్టు ఆ పేరు పెట్టుకున్నారు.

1977 మేలో క్లాష్ బృందం వైట్ రయట్ పేరుతో దేశమంతా తిరిగింది. బజ్‌కాక్స్, సబ్‌వే సెక్ట్‌లతోపాటు స్లిట్స్ కూడా ఆ బస్సులో ఉన్నారు. లేదా, బస్సులో ఉండడానికి ప్రయత్నించారు అనాలి. అప్పట్లో స్లిట్స్ వ్యవహారాలు చూసిన డాన్ లెట్స్ చెప్పినదాని ప్రకారం, ఆ అమ్మాయిలను బస్సు ఎక్కనివ్వడానికి డ్రైవరుకు రోజూ చేయి తడపవలసి వచ్చేది. కుర్రాళ్లు బీరు సీసాలు పగలగొట్టినా అది పంక్ కింద చెల్లిపోయింది, ఈ నలుగురు హోటలు వసారాలో నడిస్తే చాలు గదులు ఖాళీ చేయమనేవారు. వాళ్ల వేషం కూడా అందుకు కారణమే. పాత బట్టల దుకాణంలో కొన్న చిన్నపిల్లల నాట్యపు గౌను, దాని కింద కూలీలు తొడిగే బరువైన డాక్టర్ మార్టెన్స్ బూట్లు, జుట్టంతా చిక్కులు. ముద్దుగా కనబడవలసిన వస్తువునూ కొట్లాటకు పనికొచ్చే వస్తువునూ ఒకే ఒంటి మీద చూసి ఎలా స్పందించాలో ఎదురైనవాళ్లకు తెలిసేది కాదు. తెలియనప్పుడు కొందరు నవ్వారు, కొందరు ఉమ్మారు, ఒకడు వెనక నుంచి వచ్చి ఆరిని కత్తితో పొడిచాడు. ఒకదాని మీద ఒకటి తొడుక్కున్న మందపాటి బట్టలు ఆమెను కాపాడాయి. పంక్ అంటే స్వేచ్ఛ అని రాసే వ్యాసాల్లో ఆ కత్తి తరచు కనిపించదు.

డాన్ లెట్స్ పేరు వచ్చింది కాబట్టి రెగే గురించి చెప్పాలి. కోవెంట్ గార్డెన్‌లో 1976 డిసెంబర్‌లో తెరిచిన రాక్సీ అనే క్లబ్బులో రికార్డులు వేసే పని అతనిది. అప్పటికి పంక్ రికార్డులంటూ చెప్పుకోదగినన్ని రాలేదు, అందుకని జమైకా నుంచి వచ్చిన రెగే, డబ్ రికార్డులు వేసేవాడు. అలా ఒక తరం తెల్ల పిల్లల చెవుల్లోకి ఆ లయ దిగింది. రెగేలో గిటార్ దెబ్బ మీద పడదు, రెండు దెబ్బల నడుమ పడుతుంది. మన కచేరీల్లో ఎడుపు, అంటే తాళంలో పాట ఎత్తుకునే చోటు, తెలిసినవాళ్లకు ఈ సంగతి వెంటనే అర్థమవుతుంది. ఇక డబ్‌లో ఒక్కొక్క వాద్యాన్నే మాయం చేసి, బేస్‌ను మాత్రం ముందు నిలిపి, మిగిలిన ఖాళీని కూడా వినిపిస్తారు. స్లిట్స్ మొదటి రోజుల పాటలు, 1977 సెప్టెంబర్‌లో బీబీసీలో జాన్ పీల్ కార్యక్రమానికి రికార్డు చేసినవి, ఒకరి మీద ఒకరు పడి పరుగెత్తినట్టు ఉంటాయి. రెండేళ్ల తర్వాత వచ్చిన ఆల్బమ్‌లో ఆ తొక్కిసలాట లేదు. అందులో గాలి ఆడుతుంది.

రెండేళ్లు ఎందుకు పట్టిందన్నది న్యాయమైన ప్రశ్న. క్లాష్ 1977 జనవరిలోనే సీబీఎస్ కంపెనీతో ఒప్పందం చేసుకుని అదే ఏడాది మొదటి ఆల్బమ్ తెచ్చింది. స్లిట్స్ ఆల్బమ్ 1979 సెప్టెంబర్‌లో ఐలండ్ రికార్డ్స్ నుంచి వచ్చింది. అప్పటికి పాల్మోలివ్ బృందంలో లేదు, ఆమె స్థానంలో బడ్జీ అనే యువకుడు డ్రమ్స్ వాయించాడు. ఈ ఆలస్యం వాళ్ల పేరును ఫలకాల మీద నుంచి తప్పించిన కారణాల్లో ఒకటని నా అభిప్రాయం. తొలి ముద్రణ తేదీని బట్టి ఎవరు ముందో, ఎవరు వెనకో రాసుకుపోయే చరిత్రకు, రికార్డు లేకుండా రెండేళ్లు వేదికల మీద గడిపినవాళ్లు కనిపించరు.

ఆల్బమ్ పేరు కట్. సరీ ప్రాంతంలో పొలాల నడుమ ఉన్న రిడ్జ్ ఫార్మ్ స్టూడియోలో రికార్డు చేశారు. నిర్మాత బార్బడోస్‌లో పుట్టి లండన్‌లో పెరిగిన డెనిస్ బోవెల్, మటూంబి అనే రెగే బృందానికి చెందిన గొప్ప సంగీతకారుడు. ఆయన ఈ అమ్మాయిలకు వాయించడం నేర్పాడని కొందరు రాశారు. అది నిజం కాదు. వాళ్ల దగ్గర ఊహలు అవసరానికి మించి ఉన్నాయి, ఆయన వాటికి చోటు చూపించాడు. పది పాటలు, అరగంట పైచిలుకు. ప్రేమ కోసం కుమిలిపోయే పాట ఒక్కటీ లేదు. ఒకటి కొట్లో సరుకులు ఎత్తుకొచ్చి పరుగెత్తడం గురించి, ఒకటి మనసు బాగాలేనప్పుడు చేతికి దొరికిందల్లా కొనిపారేయడం గురించి, మరొకటి తెగిపోయిన బంధం గురించి, అదీ ఏడుపు లేకుండా, సామాను సర్దుకుంటున్నంత మామూలుగా. ఈ మూడోదాన్ని రాసింది వివ్.

వీటిలో టిపికల్ గర్ల్స్ అన్న పాటను బాగా వినమని చెబుతాను. మామూలు ఆడపిల్ల ఎలా ఉంటుందో, ఏం కొంటుందో, దేనికి దిగులుపడుతుందో మహిళా పత్రికల పద్ధతిలో వరసగా చెప్పుకుపోయి, ఈ మామూలు ఆడపిల్లను తయారు చేస్తున్నది ఎవరని అడుగుతుంది. ఈ ప్రశ్న ఎవరైనా అడగవచ్చు. పాటలో ఉన్న పనితనం వేరే చోట ఉంది. పియానో ముందుకు తోస్తుంటే లయ ఉన్నట్టుండి మారిపోతుంది, తాళం వేసుకుంటూ వింటున్న చెయ్యి తప్పుతుంది, సర్దుకునేలోగా మళ్లీ పాత వేగం వచ్చేస్తుంది. మామూలు పిల్ల గురించిన పాట మామూలు తాళంలో నడవనంటుంది. వాయించడం రానివాళ్లు ఈ పని చేయలేరు. మూడేళ్ల పాటు రోజూ గంటల తరబడి సాధన చేసినవాళ్లు చేస్తారు.

అట్ట మీద ముగ్గురూ ఒళ్లంతా మట్టి పూసుకుని, గులాబీ పొదల ముందు, యోధుల్లా నిలబడి ఉంటారు. ఫోటో తీసింది పెనీ స్మిత్. అదే ఏడాది క్లాష్ ఆల్బమ్ అట్ట మీదికి ఎక్కిన, బేస్ గిటార్‌ను నేలకేసి బాదే ప్రసిద్ధ ఛాయాచిత్రం కూడా ఆమె తీసినదే. మట్టి అట్ట గురించి పొగడ్తలే ఎక్కువ విన్నాను, నాకు మాత్రం దాంతో కొంత పేచీ ఉంది. ఆదివాసీ రూపాన్ని తెల్ల సంగీతకారులు ధిక్కారానికి గుర్తుగా తొడుక్కోవడం అంత అమాయకమైన పని కాదు. ఆ రికార్డు ధ్వనిలో జమైకా పట్ల ఉన్న మర్యాద అట్ట మీది బొమ్మలో నాకు కనిపించలేదు.

అప్పట్లో స్లిట్స్ తమను ఫెమినిస్టులుగా పిలుచుకోవడానికి అంతగా ఇష్టపడేవారు కాదన్నది కూడా చెప్పాలి. ఏ ముద్రా వద్దనుకున్నారు. ఇప్పుడు ఆమెను స్త్రీవాద పంక్ కళాకారిణి అని మనం పిలుస్తున్నామంటే, ఆ మాటకు ఆమె జీవితం తర్వాత వచ్చి చేరిందని అర్థం చేసుకోవాలి.

1981లో సీబీఎస్ నుంచి రెండో ఆల్బమ్ వచ్చింది, ఆ డిసెంబర్ తర్వాత బృందం లేదు. వివ్ వయసు 27.

ఆ తర్వాతి పాతికేళ్లను ఆమె జీవితం మీద వ్యాసాలు రాసేవాళ్లు రెండు వాక్యాల్లో దాటేస్తారు. నేను దాటలేను. మొదట్లో ఆమె సంగీతం వినలేకపోయింది. ఏరోబిక్స్ నేర్పే పంతులమ్మగా పనిచేసింది. సినిమా చదువు చదివి టెలివిజన్‌కు దర్శకత్వం చేసింది. పెళ్లి చేసుకుంది. పిల్లల కోసం ఏళ్ల తరబడి ఐవీఎఫ్ చికిత్సలు చేయించుకుని, గర్భాలు పోగొట్టుకుని, 1999లో కూతురిని కన్నది. బిడ్డ పుట్టిన కొద్ది వారాలకే గర్భాశయ ముఖద్వార కేన్సర్ అని తేలింది. కోలుకున్నాక కుటుంబం దక్షిణ తీరాన హేస్టింగ్స్ పట్టణానికి మారింది. అక్కడ ఆమె ఒక గృహిణి. బడి గేటు దగ్గర కలిసే తల్లులలో ఆమె గతం తెలిసినవాళ్లు లేరు. ఇంట్లో దాని ప్రస్తావన లేదు.

మా ఇళ్లలో, అంటే కృష్ణా జిల్లాలో నా చిన్నతనంలో, ఆడపిల్లకు సంగీతం చెప్పించడం మామూలే. వరసగా సరళీ స్వరాలు, గీతాలు, వర్ణాలు, పెళ్లిచూపుల్లో ఒక కీర్తన. మా పెద్దమ్మ వీణ మీద తోడి వాయించేదట, నేను ఏనాడూ వినలేదు. నాకు తెలిసి ఆ వీణ గవిసెన తొడిగి అటక మీద ఉండేది. దసరా సరస్వతీ పూజకు కిందికి దించి, తుడిచి, బొట్టు పెట్టి, మళ్లీ అటక ఎక్కించేవారు. ఎందుకు వాయించవని అడిగితే, ఇప్పుడు నాకేం వచ్చే తల్లీ అనేది. వివ్ పాతికేళ్ల గురించి చదువుతున్నప్పుడు ఆ గవిసెన రంగు కూడా నాకు గుర్తుకొచ్చింది. మెరూన్ రంగు వెల్వెట్, అంచున మాసిన జరీ. తేడా ఏమిటంటే, మా పెద్దమ్మకు సంగీతం పెళ్లికి ముందు ఇచ్చి పెళ్లి తర్వాత తీసుకున్నారు. వివ్‌కు ఎవరూ ఇవ్వలేదు, తనే తీసుకుంది. అయినా ఇద్దరి వాద్యాలూ ఒకే రకంగా మూగవోయాయి.

2005లో ఆరి, టెస్సా కలిసి స్లిట్స్‌ను తిరిగి నిలబెట్టారు. తర్వాత కొంతకాలానికి వివ్‌ను కూడా పిలిచారు. ఆమె వాళ్లతో కలిసి వాయించి చూసి, పాత పాటల దగ్గరికి తిరిగి వెళ్లడం తనకు వద్దని తప్పుకుంది. ఈ నిర్ణయం నాకు ఎంతో ఇష్టం. ఆ పేరుకు అభిమానులు సిద్ధంగా ఉన్నారు, టికెట్లు అమ్ముడవుతాయి, వేళ్లకు తెలిసిన పాటలు. వాటిని వదులుకుని, 50 దాటిన వయసులో, గిటార్ దాదాపు మరిచిపోయిన స్థితిలో, తనవైన కొత్త పాటలు రాయడం మొదలుపెట్టింది. తన ఊరి చుట్టుపక్కల పబ్బుల్లో ఎవరైనా వచ్చి పాడుకోగలిగే ఓపెన్ మైక్ రాత్రులు జరుగుతుంటాయి. ఆమె టెలికాస్టర్ గిటార్ పట్టుకుని ఒంటరిగా అక్కడికి వెళ్లేది. ముందు ఒక కుర్రవాడు పాత హిట్టు పాట పాడతాడు, వెనక మరొకడు ఎదురు చూస్తుంటాడు, మధ్యలో ఈమె దాంపత్యం గురించి చేదు పాట ఒకటి ఎత్తుకుంటుంది. వేళ్లు తడబడతాయి, శ్రుతి తప్పుతుంది, బల్లల దగ్గర మాటలు ఆగవు. 1977లో స్లిట్స్ వేదిక మీద పక్కన ముగ్గురున్నారు, వయసుంది, ఎదుట అదే వయసు గుంపు ఉంది. ఇక్కడ అవేవీ లేవు. రాకపోవడం అనే స్థితిలోకి ఆమె రెండోసారి తెలిసి తెలిసి అడుగుపెట్టింది. మొదటిసారి కంటే ఇది కష్టమైన సాహసమని నేను అనుకుంటాను. తిరిగి వాయించాలన్న ఆమె పట్టుదలను ఆ వివాహం తట్టుకోలేకపోయింది.

2010లో చిన్న రికార్డు ఒకటి, సోనిక్ యూత్ గిటారిస్టు థర్స్టన్ మూర్ నడిపిన సంస్థ నుంచి వచ్చింది. ఆ అక్టోబర్‌లోనే ఆరి అప్ 48 ఏళ్లకు కేన్సర్‌తో చనిపోయింది. 2012లో వివ్ పూర్తి ఆల్బమ్ ద వెర్మిలియన్ బోర్డర్ వచ్చింది. ఇందులో ఆమె గాయని కూడా. స్లిట్స్‌లో ఆరి గొంతు అరుపుకూ కూనిరాగానికీ నడుమ ఉయ్యాలలూగేది. వివ్ గొంతు అలాంటిది కాదు, మెల్లగా, పక్కన కూర్చుని చెబుతున్నట్టు ఉంటుంది, చెప్పే విషయం మాత్రం మెత్తగా ఉండదు. ఇంటిచాకిరీ, వయసు మళ్లిన దేహం, కోరిక, విసుగు. ఈ ఆల్బమ్‌కు వాయించినవాళ్లలో క్రీమ్ బృందపు జాక్ బ్రూస్, టాకింగ్ హెడ్స్ టీనా వేమత్ ఉన్నారు, పాత స్నేహితుడు మిక్ జోన్స్ కూడా ఉన్నాడు. ఆ మరుసటి ఏడాది జొవానా హాగ్ తీసిన ఎగ్జిబిషన్ అనే సినిమాలో ప్రధాన పాత్ర కూడా వేసింది.

2014లో ఆత్మకథ వచ్చింది. దానికి పెట్టిన పేరు చిన్నప్పుడు తల్లి పెట్టిన చీవాట్లే. నీకెప్పుడూ బట్టలు, బట్టలు, బట్టలు, సంగీతం, సంగీతం, సంగీతం, కుర్రాళ్లు, కుర్రాళ్లు, కుర్రాళ్లు, ఇదేనా గొడవ అని ఆవిడ తిట్టేదట, ఆ తొమ్మిది మాటలే పుస్తకం పేరు. పాత రికార్డులాగే దానికి మొదటి వైపు, రెండో వైపు అని రెండు భాగాలు. పంక్ రోజుల కోసం కొన్న పాఠకులు రెండో వైపు చదివి నిశ్శబ్దమయ్యారు, ఎందుకంటే ఆసుపత్రులు, సూదిమందులు, రక్తం, వంటిల్లు అన్నీ మొదటి వైపు కచేరీలకు ఇచ్చినంత శ్రద్ధతో అందులో ఉన్నాయి. ఆ పుస్తకం ఆవిష్కరణ జరిగిన రాత్రే ఆమె తల్లి చనిపోయింది. తర్వాత సామాను సర్దుతుంటే, విప్పకుండా పారేయమని పైన రాసి ఉన్న సంచి ఒకటి బయటపడింది. వివ్ విప్పింది. అందులో తల్లి డైరీలు ఉన్నాయి. 2018లో వచ్చిన రెండో పుస్తకానికి ఆ సంచి మీది మాటలే పేరయ్యాయి.

నాకిచ్చిన సమయం అయిపోయింది. మాటలు ఆపేసి కట్ ఆల్బమ్ నుంచి న్యూటౌన్ అనే పాట వినిపిస్తాను. బ్రిటన్‌లో కొత్తగా కట్టిన పట్టణాల్లో టెలివిజన్‌కూ ఫుట్‌బాల్‌కూ మత్తుమందులా అలవాటుపడిన జనం గురించిన పాట ఇది. బేస్ మొదలవగానే దాని వెంట పోకండి, కుడి ఎడమల్లో గీరుతూ వచ్చి ఆగిపోయే గిటార్ కోసం చూడండి. మధ్యలో ఎక్కడో చెంచా ఒకటి కిందపడిన చప్పుడు, అగ్గిపెట్టె ఊపిన చప్పుడు, పుల్ల గీసిన చప్పుడు వినిపిస్తాయి. వాటిని తాళంలోకి చేర్చింది డెనిస్ బోవెల్. వెనక కూర్చున్నవారికి పుల్ల గీసిన చప్పుడు అందకపోవచ్చు, దయచేసి ఆ ఫ్యాను ఒక్కటి ఆపండి.